ఇంద్రజాలమే జీవనోపాధిగా

సంతలో డమరుకము వాయించి జనమును ప్రోగుచేసి, గంప క్రింద పిల్లవానిని కూర్చుండబెట్టి మాయము చేయు గారడీవాడు ఒకప్పుడు ప్రతి ఊరివారికిని తెలిసినవాడే. ఆంధ్రదేశమున విప్రవినోదులు అను పేరుగల బ్రాహ్మణ ఐంద్రజాలికులు కూడ ఉండిరి. వీరందరి ప్రేక్షకులు వీరి చుట్టును నిలుతురు. కాళ్ళ క్రింద ఉన్నది వట్టి నేల, తలపై ఉన్నది ఆకాశము. వీరికి ఆధారము రెండే: చేతుల చురుకుదనము, మాటల చమత్కారము.

వేదికపై నిలిచి, టిక్కెట్టు పెట్టి ప్రదర్శించు ఐంద్రజాలికుని సంగతి వేరు. ప్రేక్షకులందరును అతనికి ఎదుట, ఒకే వైపున, కొంత దూరముగా కూర్చుందురు. అతని కాళ్ళ క్రింద చెక్క నేల, దాని అడుగున గది, తలపై దూలములు, ప్రక్కల తెరలు. యంత్రములు దాచుటకు ఇంతకన్న అనువైన చోటు దొరకదు. పంతొమ్మిదవ శతాబ్దమున ఈ వృత్తి యూరపులో స్థిరపడినపుడు దానిలో పేరు పొందినవారిలో గడియారములు బాగుచేయువారు కనిపించుటకు కారణమిదే.

కాని స్థిరమైన నాటకశాలకు ఒక చిక్కు కలదు. గారడీవాడు నేడొక ఊర, రేపొక ఊర తన విద్య చూపును గనుక ఒకే విద్య అతనికి ఏండ్ల తరబడి కూడు పెట్టును. నాటకశాలకు మరల మరల వచ్చువారు ఆ పట్టణమువారే. రహస్యము తెలిసిపోయిన విద్యను చూచుటకు ఎవరును డబ్బు ఇయ్యరు. ఆ రహస్యము ఒక ప్రకృతి నియమమైనచో, దానిని దాచుట ఐంద్రజాలికుని చేతిలో లేని పని. నేడు ప్రయోగశాలలో కనుగొన్నది కొలది కాలములో బడిపిల్లల పాఠమగును. తన ప్రేక్షకుల చదువుతోనే పరుగుపందెము వేసికొని బ్రతుకవలసిన వృత్తి ఇది. ఆ బ్రతుకు ఎట్టిదో ఫ్రెంచి ఐంద్రజాలికుడు రాబర్ట్ హూడిన్ చరిత్రలో స్పష్టముగా చూడవచ్చును.

అతడు 1805 డిసెంబరులో ఫ్రాన్సులోని బ్లవా పట్టణమున ఒక గడియారముల పనివానికి కొడుకుగా పుట్టెను. తండ్రి కుమారుని ప్లీడరు గుమాస్తాగా చూడదలచెను. కుమారుని మనస్సు మాత్రము పళ్ళచక్రములపై ఉండెను. కొంతకాలము కచేరీ కాగితములు నకలు వ్రాసి, తుదకు గడియారముల పనిలోనే కుదిరెను. అతడు గడియార నిర్మాణమును గూర్చి బెర్తూ వ్రాసిన గ్రంథమును కొనబోగా, దుకాణదారుడు పొరపాటున వినోద విజ్ఞానమునకు సంబంధించిన రెండు సంపుటములు కట్టి ఇచ్చెనట. అందులో గారడీ విద్యల వివరణ ఉండెనట. ఇది అతడు తన స్వీయచరిత్రలో చెప్పుకొన్న కథ. ఐంద్రజాలికులు తమ కథలను కూడ కొంత మెరుగుపెట్టుకొందురని గుర్తుంచుకొని చదువవలెను. 1830లో పారిస్ గడియారముల వ్యాపారి హూడిన్ కుమార్తెను వివాహమాడి, భార్య ఇంటిపేరును తన పేరునకు చేర్చుకొనెను. నిలువెల్ల పారదర్శకమైన గాజు ముఖముపై, ఏ యంత్రమును కానరాకుండ ముళ్ళు తిరుగు గడియారము అతని చేతిపని. వ్రాయుచు, బొమ్మలు గీయుచునుండు మరబొమ్మ నొకదానిని 1844 పారిస్ ప్రదర్శనలో ఉంచగా, అమెరికా వినోదవ్యాపారి బార్నమ్ దానిని కొనుక్కొనెను.

1845 జూలైలో పాలే రాయల్ భవనములందు సుమారు రెండు వందలమంది పట్టు చిన్న నాటకశాలను తెరచునాటికి అతనికి నలుబదేండ్లు నిండవచ్చినవి. మొదటి రాత్రి అతడు బెదరిపోయి మాటలు తొందరతొందరగా అప్పగించెను. ఆ రాత్రియే నాటకశాలను మూసివేయవలెనని తలచినట్లు అతడే వ్రాసెను. అయినను నిలద్రొక్కుకొనెను. అంతకుముందువారు మంత్రగాని అంగరఖాలు, నక్షత్రములు కుట్టిన టోపీలు ధరించి, వేదికనిండ మెరయు సామానులు పేర్చుచుండిరి. హూడిన్ ఆ కాలపు పెద్దమనుష్యులు విందుకు పోవు దుస్తులతో, కొద్దిపాటి సామానుతో వేదికపైకి వచ్చెను. దాచుటకు చోటే లేనట్లు కనిపించుట కూడ ఒక ఉపాయమే.

అతని విద్యలలో ప్రసిద్ధమైనది తేలిక పెట్టె. పిడి గల చిన్న పెట్టె అది. ప్రేక్షకులలోనుండి ఒకరు వచ్చి దానిని సునాయాసముగా ఎత్తుదురు. ఐంద్రజాలికుడు ఇక అది బరువెక్కినదనును. అదే మనిషి రెండు చేతులతో లాగినను పెట్టె కదలదు.

పెట్టె అడుగున ఇనుప రేకు కలదు. వేదిక చెక్కక్రింద విద్యుదయస్కాంతము కలదు. తెరవెనుకనున్న సహాయకుడు విద్యుత్తును పంపినచో అది పెట్టెను పట్టుకొనును; ఆపినచో వదలును. 1820లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఎర్‌స్టెడ్ విద్యుత్ప్రవాహము దిక్సూచి ముల్లును కదల్చుటను గమనించెను. 1825లో ఇంగ్లండులో విలియం స్టర్జన్ ఇనుప కడ్డీకి తీగ చుట్టి విద్యుదయస్కాంతమును చూపెను. 1831లో అమెరికాలో జోసెఫ్ హెన్రీ చేయించిన విద్యుదయస్కాంతము 2,000 పౌనులకు మించిన బరువును మోసెను. అనగా హూడిన్ నాటకశాల తెరచుటకు 14 ఏండ్లకు ముందే పెట్టె రహస్యము విజ్ఞాన పత్రికలలో అచ్చయియున్నది. నాటకశాలకు వచ్చువారు ఆ పత్రికలు చదువలేదు, అంతే.

ఈ విద్యలో రెండు సూక్ష్మములు కలవు. మొదటిది, కడ్డీ మెత్తని ఇనుముతో చేసినదై ఉండవలెను. ఉక్కు అయినచో విద్యుత్తు ఆపినను అయస్కాంతత్వము మిగిలి పెట్టెను వదలదు. రెండవది, పెట్టె నేలకు ఆనియున్నంతవరకే పట్టు బలముగా ఉండును. నడుమ ఖాళీ పెరిగినకొలది ఆకర్షణ చాల వేగముగా తగ్గును. దీనిని తరగతిలో చేసి చూపవచ్చును. మూడంగుళముల మేకునకు పైపూత గల రాగితీగను నూరు చుట్లు చుట్టి, టార్చి బ్యాటరీకి కలిపి, మేకు మొనతో గుండుసూదులను ఎత్తింపవలెను. తరువాత మొనకును సూదులకును నడుమ ఒక కాగితము, రెండు, నాలుగు చొప్పున ఉంచి, ఎన్ని సూదులు అంటుకొనునో లెక్కింపవలెను. కాగితములు పెరిగినకొలది సూదులు ఎంత త్వరగా రాలిపోవునో చూచి పిల్లలు ఆశ్చర్యపడుదురు. తీగ వేడెక్కును గనుక కొన్ని క్షణములకు మించి కలిపి ఉంచరాదు. ఇంటి విద్యుత్తును ఎంతమాత్రమును వాడరాదు.

కొంతకాలమునకు పారిస్ ప్రజలు కూడ విద్యుదయస్కాంతమును గూర్చి వినసాగిరి. పెట్టె నేలపై ఉన్నంతసేపు అనుమానపు చూపులు నేలమీదికే పోవును. అపుడు హూడిన్ పెట్టెకు త్రాడు కట్టి, కప్పునకు వ్రేలాడు కప్పీమీదుగా దానిని లాగించుట మొదలిడెను. నేలనుండి లేచి గాలిలో వ్రేలాడుచున్న పెట్టె కూడ అతని ఆజ్ఞపై బరువెక్కి, త్రాడు పట్టినవానిని పైకి లాగివేయును. గాలిలోనున్న పెట్టెకు అయస్కాంతమెక్కడిది? నిజమునకు త్రాడు కప్పు పైగదిలోనికి పోయి, అచ్చట మరయొద్దనున్న మనిషి చేతిలో పడుచుండెను. ఈ మార్పు కేవలము అనుమానమును తప్పుదారి పట్టించుటకేనని అతడే ఒప్పుకొనెను. విజ్ఞానము బయటపడినపుడు దానిని మరుగుపరచుటకు పాతకాలపు త్రాడే అక్కరకు వచ్చినది.

క్రొత్త విజ్ఞానమును అతడు వేరొక విధముగా కూడ వాడుకొనెను. 1846 అక్టోబరులో అమెరికాలోని బోస్టను నగరమున ఈథరు ఆవిరితో స్పృహ తప్పించి శస్త్రచికిత్స చేసిరి. మరుసటి ఏడు పారిస్ అంతటను ఈథరు మాటయే. హూడిన్ వెంటనే తన చిన్నకుమారునికి వేదికపై ఒక సీసా వాసన చూపించి, ఈథరు వలన దేహము తేలికయగునని చెప్పి, మోచేయి మాత్రము ఒక నిలువు కర్రకు ఆనించి, పిల్లవానిని గాలిలో అడ్డముగా పరుండబెట్టెను. ఈథరు దేహపు బరువును తగ్గింపదు. సీసాలో ఈథరే లేదు. పిల్లవాని దుస్తులలోపల మోచేతినుండి తొడ వరకు దృఢమైన లోహపు చట్రము ఉండును. అది కర్రకు బిగిసి, పిల్లవాని బరువు కర్రచుట్టు కలిగించు భ్రామకమును కర్రద్వారా నేలకు చేర్చును. తండ్రి కన్నబిడ్డకు విషము పట్టుచున్నాడని కొందరు ప్రేక్షకులు మండిపడుచు ఉత్తరములు వ్రాసిరి. హూడిన్‌కు ఆ ఉత్తరములు ప్రశంసాపత్రములుగా తోచినవి. ఈ విద్యకు మూలము మన దేశమున కలదు. 1830 ప్రాంతమున మద్రాసులో శేషాల్ అను బ్రాహ్మణుడు ఒక చేయి మాత్రము దండమునకు ఆనించి గాలిలో కూర్చుండి చూపుట ఆంగ్ల పత్రికల కెక్కినది.

1848లో ఫ్రాన్సున విప్లవము రాగా నాటకశాలలు వెలవెలబోయినవి. హూడిన్ లండను పోయి అచ్చట ప్రదర్శనలిచ్చెను. 1852లో నాటకశాలను బావమరిదికి అప్పగించి స్వస్థలమునకు తిరిగివచ్చెను. వృత్తిలో నిండ పదేండ్లయినను గడువలేదు. ఇంతలో ఆస్తి సంపాదించి మానుకొనగలిగినవారు ఈ వృత్తిలో కొద్దిమందియే.

అయినను ఒక్కసారి అతడు మరల వేదిక ఎక్కవలసివచ్చెను. 1830లో ఫ్రెంచివారు అల్జీరియాపై దండెత్తి ఆక్రమించుకొనిరి. అచ్చటి తిరుగుబాట్ల వెనుక మరాబుతులను మతగురువుల మహిమలపై ప్రజలకుగల నమ్మకము ఉన్నదని ప్రభుత్వము భావించెను. వారికన్న ఫ్రెంచివాడు గొప్ప మాంత్రికుడని చూపుటకై 1856లో హూడిన్‌ను అల్జీర్సు పంపించెను. గిరిజన నాయకుల సమక్షమున అతడు తెచ్చినది ఆ పాత పెట్టెయే. పారిస్‌లో పెట్టె బరువెక్కినదని చెప్పుచుండినవాడు ఇచ్చట మాట మార్చెను. బలిష్ఠుడైన ఒక యువకుని పిలిచి, నీ బలమును నేను తీసివేయుచున్నానని చెప్పెను. ఒకమారు పెట్టెను అవలీలగా ఎత్తిన ఆ యువకుడు రెండవమారు ఎత్తలేకపోయెను. పంతముపట్టి పిడిని గట్టిగా పట్టుకొనగా, పిడిలోనికి విద్యుత్తును పంపిరి. అతడు వణకి మోకాళ్ళపై పడి, వస్త్రములో ముఖము దాచుకొని పరుగెత్తెను.

ఈ వివరములు ఎక్కువభాగము 1858లో వెలువడిన హూడిన్ స్వీయచరిత్రనుండి గ్రహించినవే గనుక తన విజయమును అతడు ఎంత పెంచి చెప్పెనో తేల్చుట కష్టము. అయినను సంగతి ఆలోచింపదగినది. ఏ విద్య పారిస్‌లో పాతబడి త్రాడు ఆసరా కోరినదో, ఆ విద్యయే అల్జీర్సులో క్రొత్తది. ఒక ప్రజకు తెలిసి వేరొక ప్రజకు తెలియని భౌతికశాస్త్ర సూత్రము ఒక ప్రభుత్వము చేతిలో ఆయుధమైనది. వేదికపై వినోదమునకు టిక్కెట్టు కొన్నవాడు తాను మోసపోవుటకు ఇష్టపడియే వచ్చును. ఆ యువకునికి అట్టి ఒప్పందమేదియు లేదు. ప్రదర్శనల తరువాత దుబాసీలను పంపి, ఇవి మహిమలు కావు, నేర్పుతో చేయు విద్యలేయని ఆ నాయకులకు చెప్పించితినని హూడిన్ వ్రాసెను. అది నిజమే కావచ్చును. కాని భయపెట్టవలసినవారిని భయపెట్టిన పిమ్మట చెప్పిన మాట అది.

స్వస్థలమున అతని ఇల్లు చుట్టుప్రక్కలవారికి వింతగా ఉండెను. వీధి తలుపు దూరమునుండి విద్యుత్తుతో తెరచుకొనును. వచ్చువారి రాకను గంట తెలుపును. ఇంటిలోని గడియారములన్నియు ఒక ప్రధాన గడియారమునకు తీగలతో కట్టుబడి ఒకే వేళను చూపును. వేళకు గుఱ్ఱపు దాణా కూడ దానంతటదే తొట్టిలో పడును. అపుడు అతనికి రహస్యములు దాచవలసిన పనిలేదు. ఇవి అన్నియు పుస్తకమున వివరించెను. 1870లో ఫ్రాన్సు, ప్రష్యాల నడుమ జరిగిన యుద్ధమున సైన్యాధికారియైన కుమారుడు, ఒకనాడు వేదికపై గాలిలో పరుండిన పిల్లవాడే, గాయపడి మరణించెను. 1871 జూన్‌లో తండ్రి కూడ పోయెను. బుడాపెస్టులో పుట్టి అమెరికాలో పెరిగిన ఒక యువకుడు ఆ పేరుపై గౌరవముతో తాను హుడీనీ అని పేరు పెట్టుకొనెను. ఆ హుడీనీయే 1908లో, రాబర్ట్ హూడిన్ తనవని చెప్పుకొన్న విద్యలు ఇతరులవని వాదించుచు ఒక గ్రంథమునే వ్రాసెను. ఈ వృత్తిలో ఆస్తి అంతయు రహస్యములే గనుక వాటి యాజమాన్యముపై తగవులు సహజము.

విద్యుత్తుతో చేసిన విద్య విఫలమైనచో పరువు పోవును. తుపాకితో చేసినది విఫలమైనచో ప్రాణమే పోవును. 1861లో అమెరికాలో పుట్టిన విలియం రాబిన్సన్ చాలకాలము పేరుపొందిన ఐంద్రజాలికులకు తెరవెనుక యంత్రములు అమర్చు సహాయకుడుగా ఉండెను. సొంత పేరుతో అతనికి గిరాకి రాలేదు. 1900 నుండి చీనా దుస్తులు ధరించి చుంగ్ లింగ్ సూ అను పేరుతో లండనులో ప్రదర్శించి గొప్ప కీర్తి పొందెను. అది చింగ్ లింగ్ ఫూ అను నిజమైన చీనా ఐంద్రజాలికుని పేరునకు అనుకరణ. వేదికపై ఇంగ్లీషు పలుకడు. పత్రికలవారితో కూడ దుబాసీ ద్వారానే మాటలాడుచుండెను. తోటి ఐంద్రజాలికులకు నిజము తెలియును, ప్రజలకు తెలియదు.

అతడు తనపై కాల్చిన గుండును పళ్ళెముతో పట్టుచుండెను. అది మూతినుండి మందు కూరు పాతరకపు తుపాకి. ప్రేక్షకులు గుర్తుపెట్టిన గుండ్లను నేర్పుగా మార్చి, వేరు గుండ్లను తుపాకిలో వేయుదురు. తుపాకి గొట్టములో మందు, గుండు రెండును నిజముగానే ఉండును. కాని గొట్టము క్రింద, మందు దట్టించు కడ్డీని ఉంచుకొను రెండవ గొట్టము కలదు. మీట నొక్కినపుడు పుట్టిన నిప్పు పై గొట్టమునకు పోకుండ, క్రింది గొట్టములోని గుండు లేని మందుకు పోవునట్లు దారి మార్చియుండిరి. మంట, పొగ, చప్పుడు అన్నియు క్రింది గొట్టమువి. గుండు పై గొట్టములోనే నిలిచియుండును.

ప్రదర్శన ముగిసిన పిమ్మట పై గొట్టమును ఖాళీ చేయవలెను. గుండుతో కాల్చివేసినచో సరిపోయెడిది. రాబిన్సన్ గొట్టము వెనుకనున్న మరబిరడాను విప్పి మందును, గుండును బయటికి తీయుచుండెను. ఇట్లు ఏండ్ల తరబడి విప్పి బిగించుటచే మరచుట్లు అరిగినవి. అరిగిన సందులలో సన్నని తుపాకిమందు క్రమముగా చేరెను. ఇసుక సన్నని సందులోనికి జారునట్లే పొడిమందు కూడ జారును. అది చేరిన దారియే నిప్పు పాకు దారి. 1918 మార్చి 23 రాత్రి లండనులోని వుడ్ గ్రీన్ ఎంపైర్ నాటకశాలలో నిప్పు పై గొట్టమునకు చేరినది. గుండు రాబిన్సన్ రొమ్మున దూసికొనిపోయెను. అతడు ఇంగ్లీషులో, ఏదో ప్రమాదము జరిగినది, తెర దించుడని కేక వేసెను. ఆ వేషములో వేదికపై అతడు ఇంగ్లీషు మాటలాడుట అదే మొదలు. మరునాటి ఉదయమున మరణించెను. తుపాకుల నిపుణుడు పరీక్షించి చెప్పినదానినిబట్టి విచారణలో అది ప్రమాద మరణమని తేల్చిరి. ఆ విచారణ జరుగుటవలననే రహస్యము లోకమునకు తెలిసినది.

ప్రాణము పోకున్నను వృత్తియే చేజారిపోవుట మరికొందరి గతి. హూడిన్ నెలకొల్పిన నాటకశాలను 1888లో జార్జి మెలియే అను ఐంద్రజాలికుడు కొనెను. 1895 డిసెంబరులో ల్యుమియేర్ సోదరుల చలనచిత్రమును చూచి, ఇది తన వృత్తికి దొరికిన కొత్త యంత్రమని అతడు గ్రహించెను. 1902లో చంద్రలోక యాత్ర చిత్రమును తీసెను. కెమెరాను ఆపి, మనిషిని తప్పించి, మరల నడిపినచో మనిషి మాయమగును. దానికి నేలక్రింద గది అక్కరలేదు. వేదికపై ఐంద్రజాలికులు ఏండ్లు కష్టపడి సాధించినది సినిమాకు సులువైనది. తుదకు సినిమా వ్యాపారములోనే దివాలా తీసి, మెలియే పారిస్ రైలుస్టేషనులో బొమ్మలు, మిఠాయిలు అమ్ముకొని బ్రతికెను. 1931లో ఫ్రెంచి ప్రభుత్వము బిరుదుతో గౌరవించినది. 1938లో మరణించెను.

భారతదేశమున ఈ వృత్తికి గొప్ప గౌరవము తెచ్చినవాడు పి. సి. సర్కార్. 1913లో నేటి బంగ్లాదేశ్‌లోని టాంగాయిల్ ప్రాంతమున పుట్టి, గణితశాస్త్రము చదువుకొని, మహారాజు వేషములో దేశదేశములు తిరిగెను. 1956 ఏప్రిల్ 9న లండనులో బి. బి. సి. టెలివిజనులో ఒక యువతిని బల్లపై పరుండబెట్టి, గిరగిర తిరుగు రంపముతో నడుమునకు కోసి చూపెను. ఆమెను లేపబోవునంతలో కార్యక్రమము ముగిసినదని ప్రకటించిరి. ఆమె చనిపోయినదని భయపడి ప్రేక్షకులు టెలిఫోనులు చేయసాగిరి. మరునాటి పత్రికలలో ఇదే వార్త. టెలివిజను ఒక రాత్రిలోనే కీర్తి తెచ్చును. కాని ఒకే రాత్రి దేశమంతయు చూచిన విద్య మరునాడు పాతదియే. అందుచే సర్కార్ బృందముతో, సామానుతో ఊరూరు తిరుగుట మానలేదు. 1971 జనవరి 6న జపాను పర్యటనలోనే మరణించెను.

నేడు ప్రతివాని చేతిలోను చలనచిత్రమును నెమ్మదిగా వెనుకకు, ముందుకు త్రిప్పి చూడగల ఫోను కలదు. యంత్రపు రహస్యములు ఎక్కువకాలము నిలువవు. నిలుచునది వేరొకటి. ఐంద్రజాలికుడుగా ఉండి మనస్తత్వశాస్త్రజ్ఞుడైన గుస్టావ్ కూన్, సహచరుడు టాట్లర్‌తో కలిసి 2005లో ఒక పరిశోధనను ప్రకటించెను. బల్లకు ఎదుట కూర్చుండిన ఐంద్రజాలికుడు సిగరెట్టును అందరు చూచుచుండగనే ఒడిలో జారవిడుచును. అదే సమయమున అతని చూపు, మాట, రెండవ చేయి వేరు వైపునకు మరలును. చూచువారి కనుగ్రుడ్లు ఎటు తిరుగుచున్నవో పరికరముతో కొలిచిరి. మొదటిమారు చూచినవారిలో చాలమందికి సిగరెట్టు పడుట తెలియలేదు. విచిత్రమేమనగా, పడుటను గమనించినవారి చూపునకు, గమనింపనివారి చూపునకు ఆ క్షణమున చెప్పుకోదగిన భేదము కనిపింపలేదు. కన్ను ఎచ్చట నిలిచినది అనునదికాక, ధ్యానము ఎచ్చట ఉన్నది అనునదే ముఖ్యమైనది. అదే విద్యను రెండవమారు చూపగా దాదాపు అందరును పట్టివేసిరి. ఒక విద్యను ఒకే ప్రేక్షకులకు వెంటనే మరల చూపరాదని ఐంద్రజాలికులు శిష్యులకు నేర్పు నియమమునకు కారణము ఇందులో కలదు. సంతలో గారడీవాడు గంప ఎత్తకముందు డమరుకమును మరింత గట్టిగా వాయించుటకు కారణము కూడ ఇదియే.